డీరైలర్ విప్పిన ఆదివారం

అశ్విన్ ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేచి సైకిలు గేరు విప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి, నూనె వేసి మళ్ళీ బిగించాలి. మధ్యాహ్నం అత్తగారింటి భోజనం చేసి, ఎండ చల్లబడ్డాక బెంగళూరుకు తొక్కుకుంటూ వెళ్ళిపోవాలి. శ్రావణమాసం కాబట్టి గాలి చల్లగా ఉంది. చిక్కబళ్ళాపురంలోని ఆ ఇంటి పెరట్లో కొళాయి ఉంది, సిమెంటు గచ్చు ఉంది, గచ్చు మీద నీడ ఉంది. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు.

ముందురోజు భార్య రక్షిత బస్సులో వచ్చింది, తను సైకిలు మీద వచ్చాడు. తిన్నగా వచ్చి ఉంటే ఏ బాధా ఉండేది కాదు. కానీ సైకిలు పిచ్చి ఉన్నవాళ్ళకు తిన్నగా వచ్చే దారి దారిలాగే కనిపించదు. దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు. గౌరిబిదనూరు దగ్గర వాన పట్టుకుంది. రోడ్డు తవ్విపోసిన చోట బురదలో కూరుకుపోయి, సైకిలును భుజాన వేసుకుని బయటపడ్డాడు. అప్పటినుంచీ గేరు మార్చినప్పుడల్లా వెనకనుంచి ఇసుక నమిలినట్టు చప్పుడు.

రాత్రి భోజనాల దగ్గర ఆ చప్పుడు ప్రస్తావన వచ్చింది. మామగారు ఆంజనప్పకు బజారులో ఎరువుల అంగడి ఉంది. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే అల్లుడితో ఏం మాట్లాడాలో తెలియక, ఆయన ప్రతిసారీ సైకిలు గురించే మాట్లాడేవాడు.

"ఇట్లాంటి సైకిలు రిపేరుకు యాడిస్తావప్పా?"

"అంగడోళ్ళకిస్తే పాడు చేస్తారు మామా. నేనే విప్పుతా, నేనే బిగిస్తా."

"భలే!" అన్నాడు ఆంజనప్ప, భార్య రుక్మిణమ్మ వైపు తిరిగి. "చూసినావా? అదీ మొగోడి పనంటే!"

ఆ 'భలే' తలకింద పెట్టుకుని అశ్విన్ రాత్రంతా హాయిగా నిద్రపోయాడు. ఆ ప్రయాణం మొత్తంలో అతనికి దక్కిన సుఖం అదొక్కటే.

తెల్లవారేసరికి ఇల్లు ఖాళీ అయింది. రుక్మిణమ్మ తమ్ముడు హిందూపురంలో ఉంటాడు. శ్రావణమాసం కదా, తమ్ముడి భార్యకు చీర, పసుపు కుంకుమ పంపాలని ఆమె వారం నుంచీ భర్త వెంటపడుతోంది. ఆంజనప్ప ఆ చీర సంచీ పట్టుకుని చీకటితోనే బయలుదేరాడు. గౌరిబిదనూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. రక్షిత ఫలహారం తిని, బిడ్డను కన్న స్నేహితురాలు నయనను చూడడానికి వెళ్ళింది. పెరట్లో అశ్విన్, వంటింట్లో రుక్మిణమ్మ మిగిలారు. గోడ అవతలి పక్కింట్లో అక్కయమ్మ ఉంది. ఉండడమంటే, గోడ అవతల ఆమె ఎప్పుడూ ఎక్కువసేపు ఉండదు.

గేరు సైకిలు వెనక చక్రం పక్కన ఒక కొక్కెంలాంటిది వేలాడుతూ ఉంటుంది. గొలుసును చిన్న పళ్ళచక్రం మీదనుంచి పెద్దదాని మీదికి, మళ్ళీ చిన్నదాని మీదికి తోసేది అదే. సైకిళ్ళవాళ్ళు దాన్ని డీరైలర్ అంటారు. దాని కడుపులో రెండు బుల్లి పళ్ళచక్రాలు, వాటిని పట్టుకునే రెండు రేకులు, నాలుగు బోల్టులు, చక్రాల నడుమ దూరే బుష్షులు ఉంటాయి. అశ్విన్ దాన్ని విప్పాడు. విప్పడం చాలా బాగా జరిగింది. డీజిల్‌లో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ముక్కలన్నీ న్యూస్ పేపరు మీద వరసగా పేర్చి, ఫోటో కూడా తీసుకున్నాడు. బుష్షులకు పిసరంత గ్రీజు రాశాడు. గొలుసు ప్రతి కణుపుకూ ఒక్కొక్క చుక్క నూనె వేసి, ఎక్కువైంది తుడిచేశాడు. మిగిలిన నూనె సీసాను ఎవరి కాలికీ తగలకుండా వంటింటి కిటికీ మెట్టు మీద పెట్టాడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

బిగించి పెడలు తిప్పాడు. గేరు కర్రుమంది. రెండోసారి తిప్పాడు. కర్రు, కటకట, టక్. చక్రం ఆగిపోయింది.

ఫోనులో ఫోటో తెరిచి చూశాడు. విప్పకముందు తీయాల్సిన ఫోటోను విప్పిన తర్వాత తీసుకున్నాడని అప్పుడు అర్థమైంది. రెండు బుల్లి చక్రాలలో ఏది పైది, ఏది కిందిది? గొలుసు, చక్రాల నడుమ అడ్డంగా ఉండే చిన్న రేకు లోపలినుంచి పోవాలా, బయటినుంచి పోవాలా? మళ్ళీ విప్పాడు. ఈసారి విప్పడం అంత బాగా జరగలేదు. అలసంద గింజంత బుష్షు ఒకటి టింగున ఎగిరి గచ్చు మీద పడి, రెండు గెంతులు గెంతి మాయమైంది.

స్నేహితుడు చేతన్‌కు ఈ విద్య బాగా తెలుసు. అశ్విన్ అతనికి ఫోను చేశాడు. సిగ్నలు సరిగా లేదు. కిటికీ పక్కన నిలబడితే కాస్త వినిపిస్తోంది. అవతలివాడికి తన మాట వినపడాలంటే మాత్రం అరవాల్సిందే. అరిచాడు.

కిటికీ లోపల రుక్మిణమ్మ కొత్తిమీర గిల్లుతోంది. అప్పుడే గోడ పక్క సందులోంచి వచ్చిన అక్కయమ్మ ఆమెకు సాయం చేస్తోంది. వాళ్ళకు వినిపించింది ఇది:

"చేతనూ! డీరైల్... డీరైలర్ రా! ముక్కలు ముక్కలుగా పడుండాది! ... అవును, గౌరిబిదనూరు కాడే మొదలైంది. వాన, బురద... చక్రాలు రెండూ ఊడొచ్చేసినాయి... ఒకటి యాడికి ఎగిరి పడిందో కనపడనే లేదు... లేదు లేదు, అత్తకింకా చెప్పలా. ఎవురికీ చెప్పలా. మామ సంగతి తల్చుకుంటేనే గుండె దడదడమంటాండాది..."

మామకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్నదే అతని గుండెదడ. కానీ ఆ ముక్క చెప్పేలోపల సిగ్నలు పోయింది.

తర్వాత వంటింట్లో జరిగింది అశ్విన్‌కు సాయంత్రానికి గానీ తెలియలేదు. రుక్మిణమ్మ చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది.

"డీరైలంటే ఏమక్కా?"

అక్కయమ్మ మనవడు ఇంజినీరింగు చదువుతున్నాడు. అందువల్ల ఆ వీధిలో ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పే హక్కు ఆమెకు దఖలు పడింది. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"రైలు పట్టాలు తప్పేదమ్మా."

రుక్మిణమ్మ భర్తకు ఫోను చేసింది. స్విచాఫ్. హిందూపురంలో తమ్ముడికి చేసింది. "బావ ఇంకా రాలేదక్కా, నేనూ ఫోను చేస్తానే ఉండా, తగలడం లేదు" అన్నాడు. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

"అల్లుణ్ణే అడుగుతా" అని లేచింది.

అక్కయమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంటికొచ్చిన అల్లుడు. అంత మాట నోరు తెరిచి ఎట్ల చెప్తాడు? కడుపులో పెట్టుకోని నలుగుతాండాడు పాపం. మెల్లిగా అడుగు."

రుక్మిణమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది. అల్లుడు మోకాళ్ళ మీద వంగి నేలంతా తడుముతున్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"ఏమప్పా అశ్వినూ, అంతా బాగుండాదా?"

రాత్రి చెప్పిన గొప్పలు గుర్తొచ్చి అశ్విన్ తల దించుకున్నాడు. అబద్ధం ఆడలేకపోయాడు. "బాగలేదత్తా. కానీ మీరేం గాబరా పడొద్దండి. చేతన్ కనుక్కుంటానన్నాడు. సాయంత్రం లోపల ఏదో ఒకటి తేలిపోతుంది."

రుక్మిణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. సైకిలు గేరు పాడైతే అత్తగారు ఏడవడం చూసి అశ్విన్‌కు కళ్ళు చెమర్చాయి. కన్నతల్లి కూడా తన సైకిలు గురించి ఇంత బాధపడలేదు.

చింతామణిలో టమాటా మండీ నడిపే అమరేష్, ఆంజనప్పకు సొంత తమ్ముడు. వదిన ఫోను అందగానే అతను రెండు పనులు చేశాడు. 'గౌరిబిదనూరు కాడ రైలు పట్టాలు తప్పింది, మా అన్న అందులోనే ఉండాడు' అని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మండీలోని నలుగురిని జీపులో వేసుకుని బయలుదేరాడు. గ్రూపులో నూటముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో సగం మందికి ఆదివారం ఏ పనీ లేదు.

అశ్విన్ ఎలాగో పైచక్రమేదో, కిందిచక్రమేదో తేల్చుకుని, కుడి రేకు మీద వాటిని నిలబెట్టి, ఎడమ రేకును మెల్లిగా కప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడు భుజం మీద ఒక పెద్ద చెయ్యి పడింది. చక్రాలు రెండూ దొర్లిపోయాయి.

"ఎట్ల జరిగిందప్పా?" అన్నాడు అమరేష్.

అశ్విన్ పళ్ళు నూరుకున్నాడు. కానీ చిన్నమామగారు. లేచి నిలబడ్డాడు. "అంతా వాన వల్ల చిన్నమామా. బురదలోనే లాక్కోని పోయిందానికి ఇట్లయింది. ముందే నిలిపుంటే ఇంత దూరం వచ్చుండదు."

"నిలపకుండా ఏం చేస్తాండిరంట?"

"బుద్ధి లేక" అన్నాడు అశ్విన్ మనస్ఫూర్తిగా.

అమరేష్ పళ్ళు పటపటలాడించాడు. అడగలేక అడిగాడు. "పోయిండేది... ఎన్ని?"

"ఒకటే చిన్నమామా. చిన్నది."

"చిన్నదా! అయ్యయ్యో!" అమరేష్ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "మిగిలినవాటి సంగతి?"

"మిగిలినవన్నీ శుభ్రంగా తుడిచి వరసగా పెట్టిందయింది. ఒకటికొకటి కలిసిపోకుండా ఫోటో కూడా తీసిందయింది."

అమరేష్ ఇంక వినలేకపోయాడు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అల్లుడు సైకిలు ముందు కూర్చుని ఏవో ముక్కలు సర్దుతుండడం అతను చూడకపోలేదు. పాపం, మనసు నిలవక ఏదో ఒకటి చేస్తున్నాడు, పట్నం పిల్లలు దుఃఖాన్ని ఇట్లాగే దిగమింగుతారు కాబోలు అనుకున్నాడు.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. బాగేపల్లి నుంచి ఒక కారు, కెంచార్లహళ్ళి నుంచి రెండు మోటారు సైకిళ్ళు, ఊళ్ళోవాళ్ళయితే నడుచుకుంటూనే వచ్చారు. ముందు గది నిండి, నడవ నిండి, పెరట్లోకి పొంగారు. వచ్చినవాళ్ళంతా ముందు అశ్విన్ దగ్గరికి వచ్చి భుజం తట్టి, "ధైర్యంగా ఉండప్పా, మన చేతిలో ఏముండాది" అన్నారు. అతని చేతిలో మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి ఉంది. ప్రతిసారీ అది కింద పడింది. తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన కూర్చోవడానికి చోటు లేక న్యూస్ పేపరు మీదే చతికిలబడ్డాడు. లేచేటప్పుడు ఒక రేకు, రెండు బోల్టులు పంచెకు అంటుకుని ఆయనతోపాటు లేచాయి. అశ్విన్ ఆయన వెనకే నడవ దాకా వెళ్ళి, "ఒక్క నిమిషం తాతా" అని, అందరూ చూస్తుండగా ఆయన పంచె నుంచి వాటిని ఒలిచి తీసుకున్నాడు.

ఒక గేరు పాడైతే ఇంతమందా? ఇంతమంది వచ్చి ఒక్కరన్నా ఒక స్పానరు తేలేదే! అశ్విన్‌కు బేజారు నెత్తికెక్కింది. పైగా ఆకలి. పొయ్యి వెలిగిన వాసన ఏ వైపునుంచీ రావడం లేదు.

"అక్కయమ్మవ్వా, భోజనం ఎప్పుడు?" అని మెల్లిగా అడిగాడు.

ఆమె అతన్ని కిందనుంచి మీదికి చూసింది. "నీకు ఆకలి ఎట్ల అవుతాండాదప్పా?"

అశ్విన్ మళ్ళీ గేరు ముందు కూర్చున్నాడు. బురద, వేళ్ళ గుర్తులు, ఎవరో ఒలకపోసిన కాఫీ కలిసి శుభ్రం చేసిన గొలుసు మళ్ళీ మొదటికొచ్చింది. తుడిచి మళ్ళీ నూనె వెయ్యాలి. కిటికీ మెట్టు మీద చూస్తే సీసా లేదు.

సీసా దేవుడి గూట్లో ఉంది. రుక్మిణమ్మ దీపం పెట్టి తిరుపతి వెంకన్నకు మొక్కుకోబోయింది. కంగారులో నువ్వుల నూనె డబ్బా దొరకలేదు, కిటికీలో ఉన్న సీసా దొరికింది. ప్రమిదలో పోసి వెలిగించింది. దీపం చిటచిటమంది, నల్లటి పొగ ఒకటి దేవుడి పటాల మీదికి లేచింది, భగ్గుమని మండి ఆరిపోయింది.

రుక్మిణమ్మ కెవ్వుమని అరిచి అక్కడే కూలబడింది. ఇంటినిండా ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. సరిగ్గా అదే సమయానికి అశ్విన్ దేవుడి గది గుమ్మంలోకి తల పెట్టి, "అత్తా, ఆ నూనె నాదేనండీ, కొంచెం ఇస్తారా? మళ్ళీ మొదట్నుంచీ రాయాల" అన్నాడు.

ఏడుపు ఆగింది. అందరూ అతని వైపు తిరిగారు. వాళ్ళ చూపుల్లో ఉన్నది ఏమిటో అశ్విన్‌కు తెలియలేదు గానీ, అభిమానం మాత్రం కాదని తెలిసింది.

అప్పుడే రక్షిత వచ్చింది. ఎవరో ఫోను చేసి ఏడ్చారట, చెప్పులు కూడా వదలకుండా పరుగెత్తుకొచ్చింది. గుంపును తోసుకుంటూ వచ్చి భర్త చొక్కా పట్టుకుంది.

"మా నాయనకేమైంది?"

"మామకా? మామకేమైంది? హిందూపురం పోయిండాడు కదా!"

"ఆ రైలే గౌరిబిదనూరు కాడ పట్టాలు తప్పిందంట! మీరే చెప్పినారంట!"

"నేనా? నేను ఎవురికి..." అశ్విన్ ఆగాడు. కిటికీ వైపు చూశాడు. కిటికీ పక్కనే నిలబడి ఉన్న అక్కయమ్మను చూశాడు. పొద్దుటి ఫోను ముక్కముక్కగా గుర్తొచ్చింది. ఈ రోజుకు అతను సరిగ్గా కూర్చగలిగింది అదొక్కటే. పెరట్లోకి వెళ్ళి, నూనె ఓడుతున్న ఒక రేకును, బుల్లి పళ్ళచక్రాన్ని తెచ్చి అందరి ముందూ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదీ!" అని గొంతు చించుకుని అరిచాడు. "దీని పేరు డీరైలర్! సైకిలు గేరు! ముక్కలు ముక్కలైంది ఇది! గౌరిబిదనూరులో బురదలో పడింది ఇది!"

అమరేష్ దగ్గరికొచ్చి ఆ చక్రాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒకటి పోయింది, చిన్నది అంటివే?"

"బుష్షు చిన్నమామా."

"నేను దారంతా ఏడ్చుకుంటా వచ్చినానే!" అన్నాడు అమరేష్. నిజానికి ఏడ్చింది ఇంటికి వచ్చాకే. కానీ అప్పుడది లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

అందరూ అక్కయమ్మ వైపు తిరిగారు. ఆమె ఏమాత్రం తొణకలేదు. "ఇంగ్లీషులో అరిచింది ఆయప్ప. నేను అర్థం చెప్తిని. అర్థం తప్పయితే చెప్పండి" అంది. అర్థం తప్పు కాదు.

అంతలో హిందూపురం తమ్ముడి ఫోను వచ్చింది. రుక్మిణమ్మ స్పీకరు పెట్టింది. "అక్కా, నేను స్టేషన్‌కే పోయి కనుక్కొన్నా. రైలుకేమీ కాలేదు. టైముకే వచ్చి పోయిందంట."

ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఎవరో నవ్వారు. ఎవరో దేవుడికి దండం పెట్టుకున్నారు. రుక్మిణమ్మ మాత్రం ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని అడిగింది.

"మరి మీ బావ?"

"బావ అందులో దిగలేదక్కా. నేను మొదట్నుంచీ అదే చెప్తాండా."

నవ్వులు ఆగాయి. అంతలోనే వీధిలో ఆటో ఆగింది.

ఆటోలోంచి ఆంజనప్ప దిగాడు. నుదుటికి చేతిరుమాలు కట్టుకుని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. తలనిండా, బట్టలనిండా ఎర్రమట్టి. ఒక కాలు ఈడుస్తూ, ఆటోవాడి భుజం మీద చెయ్యి వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఇంటినిండా జనాన్ని చూసి ఆయన కళ్ళలో ఒక రకమైన తృప్తి కనిపించింది.

"ఏడవొద్దే రుక్మిణీ" అన్నాడు నీరసంగా. "బతికొచ్చినా."

ఎవరూ ఏడవడం లేదు. అమరేష్ ఏదో అనబోతే రుక్మిణమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కూచో" అంది. గొంతు చాలా మెత్తగా ఉంది. "కూచోని, ఏం జరిగిందో అంతా చెప్పు."

పాతికేళ్ళకు పైగా కాపురం చేసినా ఆ మెత్తదనం ఏమిటో ఆంజనప్ప గుర్తుపట్టలేకపోయాడు. కుర్చీలో చతికిలబడి, మంచినీళ్ళు తాగి, మొదలుపెట్టాడు.

"గౌరిబిదనూరు దాటీ దాటకముందే పెద్ద శబ్దం. ఢామ్మని! పెట్టె ఇట్ల పక్కకు ఒరిగింది. జనం ఒకరి మీద ఒకరు. నేను కిటికీలోంచి బయటికి దూకినా."

"కిటికీకి కమ్ములుంటాయి కదా?" అంది రుక్మిణమ్మ.

"ఆ... కమ్ములు వంచి దూకినా. ప్రాణం మీదికొస్తే బలం అదే వస్తాది. దూకి ఊరుకోలేదు. మళ్ళీ లోపలికి పోయి ముసలామె ఒకామెను ఎత్తుకోనొచ్చినా. ఆమె నా చేతులు పట్టుకోని, నువ్వు దేవుడప్పా అనె."

"చీర ఏమాయె?"

"చీర రైల్లోనే..." అంటూ ఆంజనప్ప చెయ్యి ఆడించాడు. ఆ చేతికే చీర సంచీ వేలాడుతోంది. మడత కూడా నలగలేదు.

రుక్మిణమ్మ వంగి, ఆయన మొహం దగ్గర మొహం పెట్టి, ఒకసారి గట్టిగా వాసన పీల్చింది.

"మీసాలకు నాటుకోడి మసాలా అంటుకోనుండాది. అదీ ఆ ముసలామే పెట్టిందా?"

ఆంజనప్ప సాయం కోసం అటూ ఇటూ చూశాడు. తమ్ముడు కిటికీ వైపు చూస్తున్నాడు. కూతురు నేల వైపు చూస్తోంది. అల్లుడు చేతిలో ఏదో రేకు పట్టుకుని తన వైపే చూస్తున్నాడు, ఎందుకో ఆ చూపులో జాలి ఉంది.

"రైలుకేమీ కాలేదు నాయనా" అంది రక్షిత మెల్లిగా. "టైముకే పోయిందంట."

ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. శ్రావణమంతా ఇంట్లో మాంసం మాటే లేదు. బాగేపల్లి దగ్గర చాకవేలులో పాత స్నేహితుడి తోట ఉంది. ఆంజనప్ప ఎక్కింది గౌరిబిదనూరు బస్సు కాదు, బాగేపల్లి బస్సు. నాటుకోడి పులుసు, రాగి సంగటి తిని చేయి కడుక్కుంటూ ఉండగా, స్నేహితుడు తన ఫోనుకు ఎవరో పంపిన గ్రూపు మెసేజి చూపించాడు. నేను రైల్లో లేనంటే, యాడుంటివి అని అడుగుతారు. ఉన్నానంటే, ఎట్ల బతికితివి అని అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం సులభమని వాళ్ళిద్దరూ నిర్ణయించారు. చొక్కా చించింది స్నేహితుడే. మట్టి తోటలోదే.

రుక్మిణమ్మ చీర సంచీ తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. చుట్టాలకు ఆ చప్పుడు అర్థమైంది. తమ తమ చెప్పులు వెతుక్కుని, ఒక్కొక్కరే జారుకున్నారు. అమరేష్ జీపెక్కి, గ్రూపులో 'అంతా క్షేమం' అని పెట్టి, ఎవరైనా ప్రశ్న అడిగేలోపల ఫోను ఆపేశాడు. అక్కయమ్మ కూడా తన గోడ అవతలికి వెళ్ళిపోయింది. ఆ గోడ అవతల ఆమె అంతసేపు ఉండడం వీధిలో చాలామందికి ఆశ్చర్యం కలిగించింది.

అశ్విన్ పెరట్లోకి వచ్చి, గచ్చు మీద కూలబడ్డాడు. ముక్కలన్నీ ఏరి మళ్ళీ కొత్త పేపరు మీద పేర్చాడు. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్న అలికిడి అయింది. ఆంజనప్ప. నుదుటి కట్టు విప్పేశాడు, మొహం కడుక్కున్నాడు. వంటింటి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఏమన్నా సాయం చేసేదుండాదాప్పా?"

"ఒక బుష్షు పోయింది మామా. పొద్దున్నుంచీ దొరకడం లేదు."

ఆంజనప్ప మోకాళ్ళ మీదికి వంగాడు. అంగుళం అంగుళం తడుముతూ పెరడంతా పాకాడు. కొళాయి కింది మురికి కాలువలో చెయ్యి పెట్టి దేవాడు. బుష్షు అక్కడే దొరికింది. కడిగి, తన పంచెతోనే తుడిచి తెచ్చాడు. తర్వాత ఒక్కొక్క బోల్టూ అడిగిన వెంటనే అందించాడు. కుట్టుమిషను నూనె ఎక్కడుందో తనే వెతికి తెచ్చి, గొలుసు తిప్పుతుంటే కణుపుకొక చుక్క వేశాడు, ఎక్కువైంది తుడిచాడు. చేతన్ ఫోనులో చెప్తుంటే, గొలుసు ఆ చిన్న రేకు లోపలినుంచే పోయేలా పట్టుకుని కూర్చున్నాడు. లోపలినుంచి గిన్నె చప్పుడు అయినప్పుడల్లా ఆయన శ్రద్ధ ఇంకా పెరిగింది.

ఎండ గోడ ఎక్కే వేళకు ఆఖరి బోల్టు బిగిసింది. అశ్విన్ పెడలు తిప్పాడు. చప్పుడు లేదు. గేరు మార్చాడు. గొలుసు వెన్నలా జారి పెద్దచక్రం మీదికి, మళ్ళీ చిన్నదాని మీదికి దిగింది. అతను వెనక్కి వాలి, పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వాడు.

"అయిపోయింది మామా. ఇంక లోపలికి పోదాం."

ఆంజనప్ప వంటింటి కిటికీ వైపు ఒకసారి, తిరుగుతున్న చక్రం వైపు ఒకసారి చూశాడు.

"దేనికైనా మంచిది," అన్నాడు, "ఇంకొక్కసారి విప్పి చూస్తామాప్పా?"